గల్లంతైన గుర్తులు

టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఓ చిన్న గ్రంథాలయం పుడుతుంది. రాత్రికల్లా మునిగిపోతుంది. పొద్దున్నే ఒకరు గుండె పనితీరును చూపే చక్కటి వీడియో లింకు పంపుతారు. మరొకరు భిన్నాలు నేర్పే ఆట పంపుతారు. ఆ తర్వాత వరసగా దండం పెట్టే బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, డీఏ బకాయిల కబుర్లు, బదిలీల జీవో కాపీ. రెండు నెలల తర్వాత ఆ పాఠం చెప్పాల్సిన రోజు వచ్చేసరికి లింకు ఎక్కడుందో పంపిన వారికే గుర్తుండదు. ఫోన్ మార్చి ఉంటే ఇక దొరికే ఆశ కూడా ఉండదు.

చిత్రమేమిటంటే ఈ ఇబ్బందికి 20 ఏళ్ల క్రితమే మందు దొరికింది. దాని పేరు సోషల్ బుక్‌మార్కింగ్. నచ్చిన వెబ్ పేజీ చిరునామాను దాచుకోవడం, దాన్ని నలుగురికీ కనిపించేలా ఉంచడం, అదెందుకు పనికొస్తుందో పక్కన ఓ మాట రాయడం. అంతే. అమెరికాలో ఎందరో టీచర్లు దీన్ని తరగతి గదిలోకి తెచ్చారు. తర్వాత ఆ వెబ్‌సైట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, లేదా చేతులు మారి రూపు కోల్పోయాయి. వాటితోపాటు అందులో దాచుకున్న ఏళ్ల శ్రమా పోయింది. ఆ కథ తెలుసుకోవడం ఇక్కడి టీచర్లకూ అవసరమే. ఎందుకంటే వాళ్లిప్పుడు అదే పొరపాటు దారిలో ఉన్నారు.

కథ ఓ మామూలు టెక్స్ట్ ఫైలుతో మొదలైంది. మోర్గాన్ స్టాన్లీలో పనిచేస్తున్న జాషువా షాక్టర్ అనే అమెరికన్ తనకు నచ్చిన వెబ్ పేజీల చిరునామాలను అందులో రాసుకునేవారు. అవి 20 వేల దాకా చేరాయి. వెతుక్కోవడం కష్టమై, ఒక్కో చిరునామా పక్కన గుర్తుకోసం ఒకటి రెండు మాటలు తగిలించడం మొదలుపెట్టారు. ఆ అలవాటే 2003లో డెలీషియస్ అనే వెబ్‌సైట్‌గా మారింది. ఆయన తగిలించిన ఆ మాటలే ట్యాగులు.

అప్పటికి బ్రౌజర్లో బుక్‌మార్కులు లేకపోలేదు. కానీ అవి ఏ కంప్యూటర్లో పెట్టుకుంటే దానికే పరిమితం. స్కూలు ల్యాబులో యంత్రాన్ని ఫార్మాట్ చేస్తే సర్వం మాయం. డెలీషియస్‌లో దాచుకున్న లింకు ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. పైగా అదే పేజీని ఇంకెవరు దాచుకున్నారో తెలుస్తుంది. వారి జాబితాలోకి తొంగి చూస్తే అదే పాఠం చెబుతూ అవే తిప్పలు పడుతున్న మరో టీచర్ దొరుకుతారు. గ్రంథాలయంలో పుస్తకం ఒక్క అలమారాలోనే ఉంటుంది. ఇక్కడ ఒక్క లింకుకు పది ట్యాగులు పెట్టి పది అలమారాల్లో ఉంచవచ్చు. పాఠకులే చేసుకునే ఈ వర్గీకరణకు 2004లో థామస్ వాండర్ వాల్ అనే నిపుణుడు ఫోక్సానమీ అని పేరు పెట్టారు. 2008 చివరికి తనకు 53 లక్షల మంది వినియోగదారులు ఉన్నారని, 18 కోట్ల వేర్వేరు లింకులు చేరాయని డెలీషియస్ ప్రకటించుకుంది.

తరగతిలో దీని వాడకం తేలికే. టీచర్ ఒక ట్యాగు నిర్ణయిస్తారు. పిల్లలు తమకు దొరికిన పేజీలన్నిటికీ అదే ట్యాగు పెడతారు. ఆ ట్యాగును నొక్కితే తరగతి మొత్తం వెతికి తెచ్చిన సామగ్రి ఒకచోట కనిపిస్తుంది. 2006లో వచ్చిన డీగో ఇంకో అడుగు ముందుకేసింది. పేజీలోని వాక్యాన్ని రంగు పూసి గుర్తు పెట్టడానికి, దానిపై చీటీ అంటించినట్టు వ్యాఖ్య రాయడానికి వీలు కల్పించింది. టీచర్లకు ప్రత్యేక ఖాతాలు ఇచ్చింది. పిల్లలకు ఈమెయిల్ లేకపోయినా తరగతి మొత్తానికి ఖాతాలు తెరవవచ్చు. అందులో బయటివాళ్లు పిల్లలతో మాట కలపకుండా ముందే కట్టడి ఉండేది.

దీనివల్ల పిల్లలకు ఒరిగేదేమిటి? ఉప్పు సత్యాగ్రహం పాఠాన్నే తీసుకుంటే, సబర్మతి నుంచి దండికి దూరం 240 మైళ్లని ఒక పేజీలో ఉంటుంది. 385 కిలోమీటర్లని ఇంకో పేజీలో ఉంటుంది. ఒక విద్యార్థి ఆ అంకెకు రంగు పూసి, 'ఇందులో ఏది నిజం?' అని చీటీ అంటిస్తే, మరొకరు లెక్క కట్టి రెండూ దాదాపు ఒకటేనని తేలుస్తారు. మూడో వారు 1930 మార్చి 12న బయల్దేరి ఏప్రిల్ 6న ఉప్పు తీశారు కాబట్టి రోజుకు ఎంత నడిచి ఉంటారని అడుగుతారు. కాపీ కొట్టి ప్రాజెక్టు అతికించే పని కాస్తా చదివి ప్రశ్నించే పనిగా మారుతుంది. సెర్చి ఇంజన్ పేజీలను వెతికి పెడుతుంది. ఈ పని చేయించదు.

మరి ఇంత మంచి సాధనానికి ఏమైంది? 2005 డిసెంబర్లో డెలీషియస్‌ను యాహూ కొనేసింది. కొన్నాక పెద్దగా పట్టించుకోలేదు. 2010 డిసెంబర్లో యాహూ లోపలి సమావేశంలోని ఒక స్లయిడ్ బయటికి పొక్కింది. మూసేయదలచిన సేవల జాబితాలో డెలీషియస్ పేరుంది. వినియోగదారులు గగ్గోలు పెట్టడంతో మూసేయడం లేదని, వేరే చోటు చూస్తున్నామని కంపెనీ సర్దిచెప్పింది. 2011 ఏప్రిల్‌లో యూట్యూబ్ వ్యవస్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల కంపెనీ దాన్ని కొన్నది. పాత బుక్‌మార్కులు కొత్త చోటికి వెళ్లాలంటే ఖాతాదారులు గడువులోగా సమ్మతి తెలపాలి. ఆ కబురు చూసుకోని వారి సరుకు వెళ్లలేదు. ఆ తర్వాత మరో రెండు చేతులు మారింది. చివరికి 2017లో పిన్‌బోర్డ్ అనే పోటీ సైటు నడుపుతున్న మాచెయ్ సెగ్లోవ్‌స్కీ కేవలం 35 వేల డాలర్లకు దాన్ని కొని, కొత్త లింకులు చేర్చకుండా తాళం వేశారు.

మ్యాగ్నోలియా అనే సైటుది ఇంకా విషాదం. 2009 జనవరి 30న దాని డేటాబేస్ పాడైంది. బ్యాకప్ ఉందనే అనుకున్నారు. తీరా చూస్తే పాడైన ఫైలే బ్యాకప్‌లోకీ చేరింది. వినియోగదారుల బుక్‌మార్కులు తిరిగి రాలేదు. అదే ఏడాది ఫర్ల్ అనే మరో సేవ డీగోలో కలిసిపోయింది. నేచర్ పత్రిక సంస్థ శాస్త్రవేత్తల కోసం పెట్టిన కనోటియా 2013లో ఆగింది. పరిశోధకులకు ఇష్టమైన సైట్‌యులైక్ 2019లో మూతపడింది. తర్వాత చదువుకోవడానికి వ్యాసాలు దాచుకునే పాకెట్‌ను మొజిల్లా సంస్థ 2025 జూలైలో మూసేసింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఇవి చాలావరకు ఉచితం. ఉచితంగా నడిచేవాటిని ఎవరో ఒకరు పెట్టుబడితో పోషించాలి. బుక్‌మార్కులు పెట్టుకునేవారు శ్రద్ధాళువులే గానీ కోట్లలో ఉండరు, ప్రకటనలు పెద్దగా చూడరు. అంతలో ఫేస్‌బుక్ లైకులు వచ్చాయి. నచ్చినది దాచుకోవడం పోయి, నచ్చిందని చెప్పి ముందుకు సాగిపోవడం అలవాటైంది. వాట్సాప్ వచ్చాక అదీ పోయి ఫార్వర్డు మిగిలింది. ఫార్వర్డుకు ఖర్చు లేదు, బాధ్యత లేదు, జ్ఞాపకమూ లేదు.

సరిగ్గా ఇదే సమయంలో దేశంలోని పాఠశాలలు ఇంటర్నెట్లోకి అడుగుపెడుతున్నాయి. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023-24లో 53.9 శాతం పాఠశాలలకు ఇంటర్నెట్ ఉండగా, 2024-25 నాటికి అది 63.5 శాతానికి చేరింది. అదే ఏడాది టీచర్ల సంఖ్య తొలిసారి కోటి దాటింది. కోటి మందిలో పదో వంతు మంది నెలకు ఒక్క మంచి లింకును జాగ్రత్త చేసినా ఏడాదికి కోటీ 20 లక్షలు. ఆ సంపద అంతా చాట్లలో పైకి జరిగి కనుమరుగవుతోంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. 2017 సెప్టెంబర్‌లో అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించిన దీక్షా వేదిక ఇవాళ పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా పల్లెటూరి విద్యార్థికీ అందుతోంది. అచ్చయిన కోడ్ మార్చకుండానే దాని వెనకున్న పాఠాన్ని మార్చుకోవచ్చు. అయితే అది పైనుంచి వచ్చే సామగ్రి. అందరికీ ఒకటే వడ్డన. సముద్రతీర గ్రామంలో అలల గురించి చెప్పే టీచరుకు, బొగ్గు గనుల ఊళ్లో శిలాజ ఇంధనాల గురించి చెప్పే టీచరుకు ఎవరి అనుభవం వారిది, ఎవరి ఉదాహరణలు వారివి. ఆ పై కూర వారే వండుకోవాలి. దాన్ని దాచుకునే గిన్నె మాత్రం కరవైంది.

ఆ గిన్నెలో దాచాల్సింది లింకు కాదన్నది అసలు సంగతి. లింకు ఎవరికైనా దొరుకుతుంది. దొరకనిది దాని పక్కన టీచర్ రాసే రెండు వాక్యాలే. 'సూపర్ వీడియో, తప్పక చూడండి' అన్న మాట ఎవరికీ పనికిరాదు. 'తొమ్మిదో తరగతి, గమన నియమాలు. 3వ నిమిషం నుంచి 7వ నిమిషం దాకా చాలు. మాటలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, శబ్దం ఆపి తెలుగులో చెప్పుకోవచ్చు. ఘర్షణ గురించి సగమే చెప్పాడు, మిగతాది బల్ల మీద పుస్తకం జరిపి చూపించాలి' అని రాస్తే అది ఓ సహోద్యోగి చేతిలో పెట్టిన పాఠ్య ప్రణాళిక. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయడం గురించే. ఆ రెండు వాక్యాలు చేసే పని కూడా అదే.

చాట్‌బాట్‌ను అడిగితే క్షణంలో పది లింకులు ఇస్తున్నప్పుడు ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న రావచ్చు. అవి ఇచ్చే లింకుల్లో కొన్ని అసలు లేనివి కూడా ఉంటున్నాయి. ఉన్నవైనా 40 మంది పిల్లల ముందు ఆడించి చూసినవి కావు. ఏ దగ్గర పిల్లలు నవ్వారో, ఏ దగ్గర తల గోక్కున్నారో చెప్పగలిగేది ఆ తరగతిలో నిలబడిన మనిషి ఒక్కరే. సమాచారం చౌకైన కొద్దీ, 'ఇది చూశాను, పనికొచ్చింది' అనే పూచీకత్తు విలువ పెరుగుతుంది.

తెలుగు టీచర్లకు ఇందులో ఓ ప్రత్యేకమైన చిక్కుంది. కిరణజన్య సంయోగక్రియ అన్న మాటనే ట్యాగుగా పెట్టాలంటే ఒకరు తెలుగులో విడదీసి రాస్తారు. ఇంకొకరు కలిపి రాస్తారు. మరొకరు ఫొటోసింథసిస్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవారూ ఉంటారు. ఒకే పాఠం నాలుగు గదుల్లో చెదిరిపోతుంది, ఒక గది తెరిచినవారికి మిగతా మూడు కనిపించవు. ట్యాగుల వ్యవస్థలో మొదటి నుంచీ ఉన్న లోపమే ఇది, తెలుగులో మరింత ముదిరింది. విరుగుడు సులభం. స్టాఫ్ రూములో కూర్చుని ముందే ఓ ఒప్పందానికి రావాలి. తరగతి సంఖ్య, సబ్జెక్టు, పాఠం సంఖ్య అదే వరసలో రాస్తే చాలు. తక్కిన మాటలు ఎవరిష్టం వారివి. ఇరవై నిమిషాల మీటింగుతో ఏడాది తలనొప్పి తీరుతుంది.

పిల్లలను ఇందులోకి దింపేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారంపై అమెరికా 1998లోనే చట్టం చేసింది. చాలా అంతర్జాతీయ సేవలు ఆ వయసునే గీతగా పెట్టుకున్నాయి. భారత్ 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ గీతను 18 ఏళ్లకు జరిపింది. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకోవాలని అంటోంది. దీని నిబంధనలు 2025 నవంబర్లో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. కాబట్టి పదో తరగతి దాకా పిల్లల పేర్లతో ఖాతాలు తెరవకపోవడమే మేలు. టీచర్ పేరుతో తరగతికి ఒకే ఖాతా ఉంచి, పిల్లలు జట్లుగా వెతికి తెచ్చినవి అందులో ఎక్కించవచ్చు. ఎవరి ఫోన్ నంబరూ ఎక్కడా పెట్టనక్కర్లేదు.

ఇంత జాగ్రత్త చేసినా లింకు ఎప్పటికీ ఉంటుందన్న భరోసా లేదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం 2023 అక్టోబర్ నాటికి తెరుచుకోలేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. వీడియోలు తొలగిస్తారు, సైట్లు చిరునామా మారుస్తాయి. సిలబస్ కూడా స్థిరంగా ఉండదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించాక పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవ పరిణామం, మూలకాల ఆవర్తన వర్గీకరణ తప్పుకున్నాయి. వాటి కోసం పోగేసిన జాబితా రాత్రికి రాత్రే వేరే తరగతిదైపోయింది. అందుకే ఏడాదికోసారి, వేసవి సెలవుల ముందు, జాబితాను దులిపి చనిపోయిన లింకులు తీసేయాలి.

నెట్ లేని రోజు సంగతి మరో చిక్కు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆగిన 4జీ సేవలు పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. కరోనా కాలపు ఆన్‌లైన్ పాఠాలను అక్కడి టీచర్లు 2జీతోనే నెట్టుకొచ్చారు. బంగ్లాదేశ్‌లో 2024 జూలై ఆందోళనల వేళ దేశమంతా కొన్ని రోజులు ఇంటర్నెట్ నిలిచిపోయింది. అంత దూరం పోనక్కర్లేదు, గాలివానకు కరెంటు పోతే చాలు, లింకుల జాబితా వట్టి కాగితమే. ముఖ్యమైన పేజీల కాపీ పాఠశాల కంప్యూటర్లో ఉంచుకోవడం మంచిది. బోధన కోసం టీచర్ గానీ విద్యార్థి గానీ రచనను నకలు చేసుకోవడానికి భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు దీన్ని విశాలంగానే అన్వయించింది. తరగతి కోసం దాచుకోవడం వేరు, దాన్ని అందరికీ పంచిపెట్టే సైటు నడపడం వేరన్న సంగతి మరవకూడదు.

మరి ఏ సాధనం వాడాలి? రెయిన్‌డ్రాప్, వేక్‌లెట్ లాంటివి పేరు తెచ్చుకున్నాయి. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో పుట్టిన జొటేరో ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. పేజీ కాపీని కూడా దాస్తుంది, కొందరు కలిసి ఒకే జాబితా నడపడానికీ వీలుంది. పేరు ఏదైనా ఎంచుకునే ముందు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే. దాచుకున్నదంతా ఒక ఫైలుగా తిరిగి ఇస్తుందా? ఇవ్వకపోతే ఎంత అందంగా ఉన్నా అది గిన్నె కాదు, బోను. ఇస్తే నెలకోసారి ఆ ఫైలును దించుకోవాలి. ఏ బ్రౌజర్లోనైనా తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఫైలు అయితే మరీ మంచిది. ఒక కాపీ పాఠశాల కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. 2010లో యాహూ స్లయిడ్ బయటపడిన వారంలోనే ఇలా ఫైలు దించుకున్నవారు మరో సైటుకు వెళ్లి పని కొనసాగించారు. కంపెనీ మాట నమ్మి తర్వాత ఆ సంగతే మరచినవారు నష్టపోయారు.

ఇదంతా దేనికనుకునే టీచర్‌కు ఎక్సెల్ షీటు సరిపోతుంది. తరగతి, పాఠం, లింకు, రెండు వాక్యాల వివరణ, చివరిసారి చూసిన తేదీ, ఈ ఐదు గళ్లు ఉంటే చాలు. షాక్టర్ టెక్స్ట్ ఫైలు కంటే అది ఒక మెట్టు పైనే. వాట్సాప్ గ్రూపును మూసేయక్కర్లేదు. కబుర్లకు అది ఉండనే ఉంటుంది. పనికొచ్చే లింకు వచ్చినప్పుడు షీటులో ఎక్కించే బాధ్యత వారానికొకరు తీసుకుంటే చాలు.

బదిలీ అయిన టీచర్ కొత్తవారికి చార్జి అప్పగించి వెళ్తారు. హాజరు పట్టీలు, బీరువా తాళాలు, ప్రయోగశాలలో ఎన్ని బీకర్లున్నాయో, వాటిలో ఎన్ని పగిలాయో అన్నిటికీ లెక్క ఉంటుంది, సంతకాలు ఉంటాయి. పదేళ్లపాటు ఏ పాఠాన్ని దేనితో చెబితే పిల్లలకు ఎక్కిందన్న లెక్క మాత్రం టీచర్ ఫోన్‌తోపాటు బస్సెక్కి వెళ్లిపోతుంది. చార్జి పత్రంలో దానికీ ఒక వరస కేటాయించడానికి ఏ జీవో అక్కర్లేదు.